శుక్రవారం రాత్రి చేరితే సోమవారం దాకా గది తాళాలు ఇవ్వరట: జర్మనీలో మొదటి రోజు గురించి సలహా కావాలి

గాజువాక విద్యార్థిని:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నంలోని గాజువాక. మెకానికల్ ఇంజినీరింగ్‌లో బీటెక్ పూర్తిచేశాను. జర్మనీ తూర్పు భాగంలో, సాక్సనీ రాష్ట్రంలో ఉన్న కెమ్నిట్స్ నగరంలో మాస్టర్స్ చదవడానికి సీటు వచ్చింది, వీసాతో పాస్‌పోర్టు కూడా చేతికి అందింది. మా ఇంట్లో ఇంతవరకూ విదేశానికి వెళ్లినవారు ఎవరూ లేరు. నాన్నగారు ఉద్యోగం పని మీద ఒకసారి రాంచీ వెళ్లి రావడమే మా కుటుంబంలో అందరికన్నా దూరపు ప్రయాణం.

టికెట్టు తీసుకునేటప్పుడు ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. మహాలయ పక్షాలలో ప్రయాణమేమిటని మా నాయనమ్మ మొదట అసలు ఒప్పుకోలేదు. దసరా వెళ్లేదాకా ఆగితే తరగతులు మొదలైపోతాయని నచ్చజెప్పిన తరువాత, సరే, కనీసం శుక్రవారం నాడు ఇంటి ఆడపిల్ల గడప దాటడానికి వీల్లేదని పట్టుబట్టింది. అందువల్ల అక్టోబరు 1, గురువారం రాత్రి విశాఖ నుంచి ఢిల్లీకి, మర్నాడు మధ్యాహ్నం ఢిల్లీ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు టికెట్టు తీసుకున్నాము. శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, లైప్‌జిగ్ మీదుగా రైలులో కెమ్నిట్స్ చేరేసరికి అర్ధరాత్రి కావచ్చు.

చిక్కు ఇక్కడే వచ్చింది. విద్యార్థుల వసతిగృహంలో గది అక్టోబరు 1 నుంచి నా పేరున ఉంది గానీ, తాళాలు ఇచ్చే హౌస్‌మైస్టర్ శుక్రవారం మధ్యాహ్నానికే వెళ్లిపోతారనీ, మళ్లీ సోమవారం ఉదయమే వస్తారనీ నిన్న మెయిల్ వచ్చింది. మా పనులు చూసిన కన్సల్టెన్సీ వారు తాళాలు ఏ వేళకు వెళ్లినా ఇస్తారని మొదటినుంచీ చెబుతూ వచ్చారు. ఇప్పుడు ఫోను చేస్తే, వసతి విషయం తమకు సంబంధించినది కాదంటున్నారు.

ఆ మూడు రాత్రులు ఎక్కడ ఉండాలి, ఆ మధ్య తిండి మాట ఏమిటి, దిగిన రోజున ఏ పని ముందు, ఏ పని వెనుక అన్నది అక్కడ ఉన్నవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు. బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ఏడాది ఖర్చుకని ముందే వేసి ఉంచే ఖాతాలో, డబ్బు ఉంది కాబట్టి చేతిలో పెద్దగా నగదు అక్కరలేదని నాన్నగారు అంటున్నారు, అది నిజమేనా? ఇంకొక మాట. అమ్మ పైకి ఏమీ అనడం లేదు గానీ, రోజుకొక వస్తువు తెచ్చి నా సూట్‌కేసులో పెడుతోంది. రాత్రి నేను తీసి బయట పెడితే, తెల్లారేసరికి అది మళ్లీ అందులోనే ఉంటోంది. నిన్న పెట్టింది చిన్న రాతి కల్వం. ఏవి తీసుకెళ్లాలో, ఏవి వద్దో కూడా ఎవరైనా చెబితే ఆమెకు చూపిస్తాను.

పెందుర్తి వాసి, ప్రస్తుతం కెమ్నిట్స్:

చెల్లెమ్మా, నేను కెమ్నిట్స్‌లో చేరి రెండేళ్లు కావస్తోంది. మీ నాయనమ్మగారు మన పంచాంగం చూశారు, బాగానే ఉంది. దిగే ఊరి పంచాంగం మాత్రం ఎవరూ చూసినట్టు లేదు. అక్టోబరు 3 జర్మనీకి జాతీయ దినం, 1990లో తూర్పు, పశ్చిమ జర్మనీలు ఒక్కటైన రోజు. ఆ రోజు దుకాణాలు తెరవరు. ఈ 2026లో అది శనివారం నాడు వచ్చింది. మర్నాడు ఆదివారం. ఇక్కడ ఆదివారం దుకాణాలు మూయడం అలవాటు మాత్రమే కాదు, ఆ విశ్రాంతికి రాజ్యాంగంలోనే రక్షణ ఉంది. అంటే మీరు శుక్రవారం అర్ధరాత్రి ఊళ్లో అడుగుపెడితే, సోమవారం ఉదయం దాకా ఒక సబ్బు కొందామన్నా మామూలు అంగడి ఒక్కటీ తెరిచి ఉండదు. మన జగదాంబ జంక్షన్‌లో ఆదివారం సాయంత్రం కాలు పెట్టడానికి సందు ఉండదు కదా, ఇక్కడ అదే ఆదివారం ఊరి నడిబొడ్డున మన చెప్పుల చప్పుడు మనకే వినిపిస్తుంది.

నేను వచ్చింది శనివారం రాత్రి. తాళాలు ఒక సీనియర్ తీసి పెట్టాడు కాబట్టి గది దొరికింది. గదిలో మంచం, పరుపు, బల్ల, బీరువా ఉన్నాయి. దుప్పటి లేదు, దిండు లేదు, తాగడానికి గ్లాసు కూడా లేదు. ఆదివారం ఉదయం లేచి, దగ్గరలో మ్యాప్‌లో కనిపించిన సూపర్‌మార్కెట్‌కు ఇరవై నిమిషాలు నడిచి వెళ్లాను. అద్దాల తలుపు ముందు నిలబడితే అది తెరుచుకోలేదు. యంత్రం నన్ను గుర్తించలేదేమోనని రెండడుగులు వెనక్కి వేసి మళ్లీ ముందుకు వెళ్లాను. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన జాలిపడి, గోడ మీద రాసి ఉన్న వేళలు వేలితో చూపించాడు. ఆ రోజు ఉదయం, మధ్యాహ్నం కూడా నా భోజనం అమ్మ కట్టిన జంతికలే. సాయంత్రం ఒక పెట్రోలు బంకులో నీళ్ల సీసా కొని ఆత్రంగా ఎత్తితే, మన గోలీ సోడాలా ముక్కులోకి ఎగదన్నింది. ఇక్కడ సీసా మీద సరిగ్గా చూసుకోకపోతే గ్యాసు నీళ్లే చేతికొస్తాయి. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చునని నాకు తెలిసింది మూడో రోజున.

పూర్తిగా పస్తులుండే పరిస్థితి కాదనుకోండి. హోటళ్లు, టర్కీ వారి డోనర్ కబాబ్ దుకాణాలు ఆదివారం కూడా నడుస్తాయి, కొన్ని బేకరీలు ఉదయం పూట కొన్ని గంటలు తెరుస్తాయి, పెద్ద రైల్వే స్టేషన్లలోని అంగళ్లు కొన్ని తెరిచే ఉంటాయి. అయితే దుప్పటి, దిండు, గిన్నె, సిమ్ కార్డు వంటివి అలా దొరకవు. పైగా మీకు గదే లేదు. అందుకని నా సలహా ఒక్కటే. టికెట్టు మార్చుకుని అక్టోబరు 5, సోమవారం నాటికి ఇక్కడ దిగేలా చూసుకోండి. సోమవారం రాత్రి ఎక్కడో ఒకచోట తలదాచుకుని, మంగళవారం పొద్దున్నే తాళాలు తీసుకోవచ్చు.

ఎంవీపీ కాలనీ, ప్రస్తుతం ఎర్లాంగెన్:

పెందుర్తి తమ్ముడు చెప్పిన ఆదివారం కథ అక్షరాలా నిజం. ఆయన చెప్పిన మందు మాత్రం నాకు నచ్చలేదు. టికెట్టు ఎలాగూ మార్చుతున్నప్పుడు వెనక్కి జరపడం దేనికి, ఒక రోజు ముందుకు జరుపుకోమ్మా. సెప్టెంబరు 30, బుధవారం రాత్రి విశాఖలో బయలుదేరితే గురువారం సాయంత్రం ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతావు. గది 1వ తేదీ నుంచే నీది, హౌస్‌మైస్టర్ శుక్రవారం మధ్యాహ్నం వరకూ ఉంటాడు, శుక్రవారం రాత్రి దాకా దుకాణాలు తెరిచి ఉంటాయి. బుధవారం ప్రయాణానికి మీ నాయనమ్మగారు కూడా అడ్డు చెప్పకపోవచ్చు. విశ్వవిద్యాలయంలో కొత్తవారికి నిర్వహించే పరిచయ కార్యక్రమాలు సాధారణంగా తరగతులకు ముందే ఉంటాయి. వారం మొదట్లో గది, సిమ్, బ్యాంకు అంటూ తిరుగుతూ వాటిని పోగొట్టుకోవడం మంచిది కాదు.

గురువారం రాత్రికే కెమ్నిట్స్ చేరాలని ఆరాటపడవద్దు. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో రెండు రైల్వే స్టేషన్లు ఉన్నాయి, దూరప్రాంతపు రైళ్లు ఆగేది వేరు, స్థానిక రైళ్లు ఆగేది వేరు. లైప్‌జిగ్ వైపు వెళ్లే ఐసీఈ అనే వేగపు రైలు కోసం నువ్వు మొదటిదానికి వెళ్లాలి. చవకగా వస్తోందని ఒకే రైలుకు కట్టుబడిన టికెట్టు కొన్నావంటే, విమానం గంట ఆలస్యమైనా ఆ డబ్బు నీళ్ల పాలు. ఏ రైలైనా ఎక్కగలిగే టికెట్టు తీసుకో, లేదా విమానం టికెట్టుతో కలిపి ఇచ్చే రైల్ అండ్ ఫ్లై మీ టికెట్టుకు వర్తిస్తుందేమో ఏజెంటును అడుగు. దేశమంతటా చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ గురించి అందరూ చెబుతారు. 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలైన ఆ టికెట్టు ప్రాంతీయ రైళ్లకే పనికివస్తుంది, ఐసీఈలో చెల్లదు. రాత్రికి లైప్‌జిగ్‌లో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దగ్గరలో ఒక హాస్టల్‌లో పడక ముందే బుక్ చేసుకుని, ఎంత రాత్రి వరకూ రానిస్తారో మెయిల్‌లో అడిగి రాయించుకో. ఉదయం ఏడు గంటల ప్రాంతపు రైలెక్కితే గంటలో కెమ్నిట్స్.

తాళాలు తీసుకునేటప్పుడు గది అప్పగింత కాగితం మీద సంతకం పెట్టిస్తారు. తొందరపడి పెట్టవద్దు. గోడ మీద గీత, బల్ల మీద కాలిన మచ్చ, కిటికీ పిడి వదులు, ఏది కనిపించినా అందులో రాయించి ఫోటో తీసుకో. రెండేళ్ల తరువాత నీ డిపాజిట్‌లో కోత పెట్టేటప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది.

ఇక తాళంచెవి సంగతి. నా మొదటి రోజున సామాను విప్పుకుని, కాగితాలూ అట్టలూ పోగుచేసి, చెత్తడబ్బా దాకా వెళ్లొద్దామని గది బయటికి వచ్చాను. మన ఇళ్లలో అలవాటే కదా, గాలికి కొట్టుకోకుండా తలుపు దగ్గరగా లాగాను. టక్కుమంది. ఇక్కడి తలుపులకు బయటివైపు తిరిగే పిడి ఉండదు, ఊరికే పట్టుకుని లాగడానికి ఒక గుండు మాత్రం ఉంటుంది. తలుపు మూసుకుంటే చాలు, తాళంచెవి లేనిదే తెరుచుకోదు. తాళంచెవి లోపల, ఫోను లోపల, కోటు లోపల. చేతిలో చెత్తసంచి, కాళ్లకు హవాయి చెప్పులు. పక్క గది అమ్మాయి తన ఫోనుతో తాళాలు తీసేవాడిని పిలిపించింది. అతను వచ్చి రెండు నిమిషాల్లో తలుపు తీసి, నా నెల కిరాణా ఖర్చుకు మించిన బిల్లు చేతిలో పెట్టాడు. రాత్రిపూట, సెలవు రోజున వారి రేటు ఇంకా ఎక్కువ. ఆ రోజు నుంచి తాళంచెవి మంగళసూత్రంలా నా మెడలోనే ఉంటోంది. స్నానానికి వెళ్లినా సరే.

నగదు విషయంలో మీ నాన్నగారి అంచనా సరికాదు. బ్లాక్డ్ అకౌంట్‌లో వేయవలసిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు. అందులోంచి నెలకు 992 చొప్పున విడుదల చేస్తారు. అది కూడా నువ్వు ఇక్కడికి వచ్చి, ఇక్కడి ఖాతా తెరిచి, దాని ఐబ్యాన్, అంటే ఖాతా సంఖ్య, వారికి ఇచ్చిన తరువాతే. ఈ తతంగం ఒక్క రోజులో కాదు, ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి నెల అద్దె కూడా ఈలోపే కట్టవలసి రావచ్చు. నా లెక్కన ఐదు వందల యూరోలు చిన్న నోట్లుగా దగ్గర ఉంచుకుని, అద్దెకు సరిపడా ఫారెక్స్ కార్డులో వేయించుకో. కొన్ని బేకరీలలో, చిన్న దుకాణాలలో ఇప్పటికీ కార్డు తీసుకోరు. మన దేశపు సిమ్‌ను మూలన పారేయవద్దు, రోమింగ్ వేయించుకుని వాడుకలో ఉంచు. ఇంటి బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది, అది రాకపోతే నీ డబ్బు నీకే అందదు.

చివరిగా, ఎవరూ చెప్పనిది. పోస్టు డబ్బా మీద నీ పేరు ఉందో లేదో తాళాలు తీసుకున్న వెంటనే చూసుకో, లేకపోతే హౌస్‌మైస్టర్‌ను అడిగి పెట్టించుకో. ఇక్కడ బ్యాంకు కార్డు ఒక ఉత్తరంలో, దాని పిన్ నంబరు వేరొక ఉత్తరంలో, పన్ను సంఖ్య ఇంకొక ఉత్తరంలో వస్తాయి. డబ్బా మీద పేరు కనిపించకపోతే పోస్టుమాన్ వాటిని వెనక్కి తీసుకుపోతాడు. పేరు అంటే మనం పిలుచుకునే పేరు కాదు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఉన్నది, అంటే మన ఇంటిపేరు. మన దగ్గర పెళ్లి పత్రికలోనూ రేషన్ కార్డులోనూ తప్ప బయటికి రాని ఇంటిపేరుతోనే ఇక్కడ తలుపు గంట దగ్గర నుంచి డాక్టరు దాకా అందరూ పిలుస్తారు. మొదటి వారమంతా మా నాన్ననెవరో పిలుస్తున్నారనుకుని నేను పలకలేదు.

గదిలో చేరిన రెండు వారాల్లోపు నగర కార్యాలయంలో నివాసం నమోదు చేయించుకోవాలి, దానిని ఆన్‌మెల్డుంగ్ అంటారు. అందుకు ఇంటి యజమాని ఇచ్చే ధ్రువపత్రం కావాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. పలకడం తరువాత నేర్చుకోవచ్చు, తాళాలతో పాటు ఆ కాగితం కూడా అడిగి తీసుకో. అపాయింట్‌మెంటు మాత్రం విశాఖలో ఉండగానే ఆన్‌లైన్‌లో దొరుకుతుందేమో చూడు.

సీతమ్మధార గృహిణి:

తల్లీ, మా అబ్బాయి కూడా జర్మనీలోనే చదువుతున్నాడు, కాబట్టి ఇది నీకన్నా మీ అమ్మగారికి రాస్తున్నాననుకో. అమ్మగారూ, సూట్‌కేసులో మీరు పెడుతున్నవి నేనూ పెట్టాను. మా వాడికి పంపిన అర కిలో నెయ్యి డబ్బా, పాలకోవా విమానాశ్రయంలో కస్టమ్స్ వారు తీసి పక్కన పెట్టేశారు. ఐరోపా యూనియన్ బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసినవి వెంట తీసుకురాకూడదన్నది అక్కడి నియమం. మాడుగుల హల్వా కూడా పంపాలని నాకు ఎంతో ఉండేది. నేతిలో మునిగిన వంటకాన్ని వాళ్లు దేని కింద లెక్కవేస్తారోనని మానుకున్నాను, అది పండుగకు వాడు వచ్చినప్పుడు తింటున్నాడు. పచ్చి కరివేపాకు, పండ్లు, మొక్కలు కూడా ధ్రువపత్రం లేకుండా వద్దు. కరివేపాకు పొడి, కందిపొడి, చింతపండు, ఇంగువ, ఆవకాయ నిశ్చింతగా పెట్టండి. ఆవకాయను చెక్‌ఇన్ సామానులోనే పెట్టాలి. రెండు కవర్లలో వేసి, ఆ పైన స్టీలు డబ్బాలో పెట్టి, మూతకు టేపు చుట్టండి. నేను ఒక కవరుతో సరిపెట్టాను. మా వాడు ఇంటర్వ్యూ కోసం కొన్న తెల్ల చొక్కా ఆ నూనెలో తడిసి, ఈనాటికీ ఎర్రగానే ఉంది.

ఎండు చేపలకు, ఎండు రొయ్యలకు మాత్రం అభ్యంతరం లేదు, మనిషికి 20 కిలోల వరకూ చేపల సరుకు తీసుకెళ్లవచ్చు. అది తెలిసి మా వారు ఉత్సాహంగా ఫిషింగ్ హార్బరుకు వెళ్లి నెత్తళ్లు తెచ్చారు. కస్టమ్స్ వారు ఏమీ అనలేదు. వసతిగృహంలో ఒకే వంటగది వాడుకునే పదిమంది పిల్లలు అన్నారు. వాటిని వేయించింది ఆ ఒక్క రోజేనట.

ఫోను సంగతి కూడా చెబుతాను. అక్టోబరు మొదట్లో వారికీ మనకూ తేడా మూడున్నర గంటలు. అక్టోబరు 25 నుంచి వారు గడియారం గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి నాలుగున్నర అవుతుంది. అమ్మాయి లైప్‌జిగ్‌లో పడక చేరేసరికి అక్కడ రాత్రి పదకొండైతే మనకు తెల్లవారుజామున రెండున్నర. మీరు మేలుకునే ఉంటారని నాకు తెలుసు, పడుకోమని చెప్పను. గంటకొకసారి ఫోను చేయవద్దని మాత్రం చెబుతాను. కొత్త స్టేషన్‌లో రెండు పెట్టెలు, ఒక బ్యాగు పట్టుకుని ప్లాట్‌ఫారం వెతుక్కునే పిల్లకు, జేబులో ఫోను మోగితే ఏదో ఒకటి కింద పెట్టాలి, అలా పెట్టినప్పుడే వస్తువులు పోతాయి. దిగాను, రైలెక్కాను, చేరాను అని మూడు మెసేజ్‌లు పెట్టమనండి, చాలు. మధ్యలో రెండు గంటలు కబురు లేకపోతే గుండె ఆగిపోనక్కరలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు మా అక్క వాళ్లు పూర్ణా మార్కెట్ దగ్గర, మేము ఇక్కడ, ఒకే ఊళ్లో ఉండి కూడా ఫోన్లు పనిచేయక ఒకరి క్షేమం ఒకరికి తెలియలేదు, చివరకు మా బావగారు నడిచి వచ్చి చెప్పారు.

రాతి కల్వం ఇంట్లోనే ఉంచండి. దానికి బదులు ఒక పలుచని దుప్పటి, ఒక దిండు గలీబు, ఒక స్టీలు గ్లాసు, ఒక పళ్లెం, ఒక చెంచా క్యాబిన్ బ్యాగులో పెట్టండి. అడ్మిషన్ ఉత్తరం, బ్లాక్డ్ అకౌంట్ కాగితం, బీమా, గది ఒప్పందం కూడా ఆ బ్యాగులోనే ఉండాలి. ఇమిగ్రేషన్ దగ్గర మా వాడిని అవే అడిగారు, అప్పటికి పెద్ద పెట్టెలు ఇంకా చేతికి రావు.

గాజువాక విద్యార్థిని:

అన్నయ్యగారికీ, అక్కకూ, అమ్మగారికీ ధన్యవాదాలు. నిన్న టికెట్టు బుధవారానికి మార్చుకున్నాము. తేడా కట్టవలసి వచ్చింది గానీ, మూడు రాత్రుల హాస్టల్ ఖర్చుతో పోల్చి చూసి నాన్నగారు ఇదే మేలన్నారు. బుధవారమంటే నాయనమ్మ వెంటనే సరేనంది. బయలుదేరే ముందు సంపత్ వినాయకుడి గుడికి వెళ్లి రావాలన్నది ఒక్కటే ఆమె షరతు. హౌస్‌మైస్టర్‌కు మెయిల్ రాస్తే, శుక్రవారం ఉదయం పది గంటలకు రమ్మని జవాబిచ్చారు. లైప్‌జిగ్‌లో పడక కూడా దొరికింది. సీతమ్మధార అమ్మగారి సందేశాన్ని అమ్మకు చదివి వినిపించాను. కల్వం బయటికి వచ్చింది, ఆ చోటులోకి మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ వెళ్లింది. దానిని ఉంచుకోవచ్చునా? అక్కడి పొయ్యి మీద పనిచేస్తుందా?

పెందుర్తి వాసి, ప్రస్తుతం కెమ్నిట్స్:

ఎర్లాంగెన్ అక్క చెప్పినదే సరైనది, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. గురువారం రావడమన్న ఆలోచనే నాకు తట్టలేదు.

కుక్కర్ ఉంచుకోండి, కానీ దాని అడుగున ఇండక్షన్ గుర్తు ఉందో లేదో చూడండి. వసతిగృహంలో ఉన్నది ఇనుప పళ్లెం పొయ్యి గానీ గాజు పలక పొయ్యి గానీ అయితే ఏ కుక్కరైనా నడుస్తుంది. ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ అసలు వేడెక్కదు. కరెంటు మనకున్న 230 వోల్టులే కాబట్టి కన్వర్టర్ అక్కరలేదు. మన మూడు కడ్డీల ప్లగ్గు మాత్రం ఇక్కడి గోడలో దూరదు, దానికి అడాప్టర్ ఒకటి తెచ్చుకోండి.

పోపు విషయంలో జాగ్రత్త. ఇక్కడి విద్యుత్ పొయ్యి ఆపిన తరువాత కూడా చాలాసేపు అదే వేడితో ఉంటుంది. గ్యాసు పొయ్యిలా ఆవాలు చిటపటలాడగానే ఆపేస్తే సరిపోదు, మూకుడు కిందికి దించాలి. నేను పొయ్యి ఆపి, తీరిగ్గా కరివేపాకు పొడి డబ్బా మూత తీస్తున్నంతలో ఎండుమిర్చి మాడి, పైకప్పుకున్న పొగ గంట మోగింది. నాలుగు గదుల పిల్లలు చొక్కాలు తొడుక్కుంటూ బయటికి వచ్చారు. దగ్గుతూనే ఒక పోలండ్ అబ్బాయి ఏమి వండుతున్నావని అడిగాడు, చారు అని చెప్పాను. పోపు పెట్టేటప్పుడు వంటగది తలుపు మూసి, కిటికీ పూర్తిగా తెరవండి.

గదిలో గోడ దగ్గర ఉండే హీటరు మీటకు 1 నుంచి 5 వరకూ అంకెలు ఉంటాయి. చలిగా ఉందని 5 మీద పెడితే త్వరగా వేడెక్కదు, మరీ ఎక్కువ వేడయ్యేదాకా నడుస్తుంది, అంతే. 3 మీద ఉంచితే ఇరవై డిగ్రీల దగ్గర నిలుస్తుంది. మన ఊళ్లో అక్టోబరులో ఫ్యాను లేనిదే నిద్రపట్టదు, ఇక్కడ ఆ నెల రాత్రులు చాలావరకు పది డిగ్రీల లోపే ఉంటాయి.

శుక్రవారం తాళాలు చేతికొచ్చాక ముందు రజాయి, దిండు కొనండి, తరువాత మూడు రోజులకు సరిపడా బియ్యం, పాలు, గుడ్లు, కూరగాయలు. దిండు ఎనభై సెంటీమీటర్ల చదరంగా ఉంటుంది, అమ్మ పెట్టే గలీబు దానికి సరిపోదు. ఇంటి నుంచి దిండు తేలేరు కాబట్టి గలీబు కూడా ఇక్కడే కొనుక్కోండి. మా తెలుగు బృందంలో మీ వసతిగృహంలోనే ఉండే శ్రీకాకుళం అమ్మాయిలు ఇద్దరున్నారు. ఆ రోజు మీతో దుకాణానికి వస్తామన్నారు. మీ గది నంబరు, ఫోను నంబరు ఇక్కడ అందరి ముందూ రాయవద్దు. నాకు విడిగా సందేశం పంపితే వారి నంబరు ఇస్తాను.